పసిపిల్లలకు ఇంట్లో జరిగే ప్రమాదాలు – మనం చేయగలిగింది



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, పోటీ పరీక్షల గురించి రాయమంటారేమో అనుకున్నాను. ఆ విషయం రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. నేను ఎం.ఎస్.డబ్ల్యూ. చదివాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాణ్ని నేనే మొదటివాణ్ని. కానీ అంతకంటే చాలా ముందు, ఎనిమిదేళ్ల వయసులోనే, నాకొక ఉద్యోగం ఉండేది. చెల్లెల్ని ఎత్తుకుని ఆడించడం. మీలో చాలామంది దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్లగానే అమ్మ చేసే మొదటి పని చంటిపిల్లను మీ చంకకు తగిలించడమే కదా! అందుకే ఈ వ్యాసం తల్లులకంటే ముందు మీకోసం రాస్తున్నాను. పిల్లల సంగతి ఆడవాళ్ల సంగతి, మనకెందుకు అని పేజీ తిప్పేయకండి.

2010లో, మిరప కోతల రోజుల్లో జరిగిన సంగతి ఇది. దుమ్ముగూడెం మండలంలో మా ఊరు. కోతల కాలంలో అమ్మ కోడి కూయకముందే లేచి వంట చేసి కూలికి పోయేది. ఆ రోజు అన్నం వార్చి, గంజి గిన్నె పొయ్యి పక్కన నేల మీదే పెట్టి, కూరకు ఉప్పు తేవడానికి లోపలికి వెళ్లింది. ఏడాదిన్నర చెల్లెలు నా దగ్గర ఉంది. అంతలో కూలీలను ఎక్కించుకునే ట్రాక్టరు సందు మలుపులో హారన్ కొట్టింది. ట్రాక్టరు చూడటానికి నేను ఒక్క ఉరుకు ఉరికాను. తిరిగి వచ్చేసరికి చెల్లెలి కుడి చెయ్యి మోచేతి దాకా గంజిలో ఉంది.

వేడి నీళ్లు పడితే జారిపోతాయి. గంజి జారదు. చర్మానికి అంటుకుని, చల్లారేదాకా కాలుస్తూనే ఉంటుంది. పైగా పసిపిల్లల చర్మం పలుచన. 60 డిగ్రీల వేడి నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి 5 సెకన్లు పడితే, పిల్లలకు అంతకంటే చాలా తక్కువ సమయం చాలు. పొయ్యి మీద నుంచి అప్పుడే దింపిన గంజి అంతకంటే ఎంతో వేడిగా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తరువాత మేం చేసినవన్నీ తప్పులే. నానమ్మ టూత్‌పేస్టు పూసింది. పక్కింటి వాళ్లు సిరా తెచ్చి పోశారు. ఇంకొకరు కోడిగుడ్డు సొన అన్నారు. ఎవరూ నీళ్లు అనలేదు. పైగా నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతాయని చెంబు పట్టుకున్న అమ్మను ఆపారు. ఇప్పుడు చదువుకున్నాక తెలిసింది, ఆ చెంబే సరైనది. కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు, వీలైతే పారే నీళ్లు, 20 నిమిషాలు పోయాలి. బోరింగు కింద పెట్టినా సరే. కాలిన మూడు గంటల లోపు పోసినా ఉపయోగం ఉంటుంది. ఐసు పెట్టకూడదు. చేతికున్న గాజు, మొలతాడు, తడిసిన బట్ట వెంటనే తీసేయాలి, కానీ చర్మానికి అంటుకుపోయినదాన్ని లాగకూడదు. ఒళ్లంతా చల్లబడకుండా మిగతా శరీరానికి బట్ట కప్పాలి. తరువాత కాలినచోట శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి పోవాలి. పేస్టు, సిరా, పసుపు, పేడ ఇవేవీ పూయకూడదు. అవి వేడిని లోపలే ఉంచుతాయి, చీము పట్టిస్తాయి, డాక్టరుకు గాయం కనపడకుండా చేస్తాయి.

మేం మూడో రోజున గానీ ఆసుపత్రికి పోలేదు. గాయం మానింది గానీ చర్మం ముడుచుకుపోయి రెండు వేళ్లు వంగిపోయాయి. చెల్లెలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఎడమ చేత్తో రాస్తుంది. రాత నాకంటే బాగుంటుంది.

ఆ రోజు అమ్మ నన్ను కొట్టింది. నాన్న అమ్మను తిట్టాడు. నానమ్మ "దాని రాత" అంది. ముగ్గురూ ఎవరిని అనాలో చూసుకున్నారు గానీ, గంజి గిన్నె నేల మీద ఎందుకుందని ఎవరూ అడగలేదు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అదే. మనం ప్రమాదం అనగానే అజాగ్రత్త అంటాం, లేదా రాత అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2008లో ఒక నివేదిక వేశాయి. ఇటువంటి గాయాల వల్ల ప్రపంచంలో 18 ఏళ్ల లోపు పిల్లలు ఏటా 8,30,000 మంది, అంటే రోజుకు 2000 మందికి పైగా చనిపోతున్నారని అందులో లెక్క కట్టారు. రోడ్డు ప్రమాదాలు, నీళ్లలో మునగడం, కాలడం, కింద పడటం, విషం మింగడం ముఖ్యమైన కారణాలు. వీటిలో చాలా మటుకు ఆపగలిగినవే అని కూడా అందులోనే ఉంది. పేద దేశాల్లో, పేద ఇళ్లలో ఇవి ఎక్కువ. అంటే పేదతల్లులకు ప్రేమ తక్కువనా? కాదు గదా. పొయ్యి నేల మీద ఉంటుంది, ఉన్నది ఒకటే గది, తల్లి కూలికి పోవాలి.

ఏడాదిన్నర పిల్లకు "జాగ్రత్త" అనే మాట అర్థం కాదు. దొరికింది లాగుతుంది, లాగింది నోట్లో పెట్టుకుంటుంది. దాని వయసు చేయించే పని అది. పిల్లను రోజంతా కాయడం ఎవరివల్లా కాదు. కానీ వస్తువు ఉండే చోటు ఒక్కసారి మారిస్తే అది రోజూ కాపలా కాస్తుంది.

పొయ్యి సంగతే తీసుకోండి. ఇప్పుడు చాలా ఇళ్లలో గ్యాసు వచ్చింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాయి. అయినా నీళ్లు కాగబెట్టడానికి, పండగ వంటకు మన పెరట్లో కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. దాన్ని నడుము ఎత్తు గట్టు మీద కట్టుకోవచ్చు. అది కాకపోతే చుట్టూ మోకాలి ఎత్తు మట్టి గోడ, ఒకవైపు చిన్న తడిక చాలు. గంజి వార్చేది ఎప్పుడూ ఆ తడిక లోపలే. స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, ఆ తరువాతే వేడినీళ్లు కలపాలి. ముందు వేడినీళ్లు పోసి చన్నీళ్ల కోసం వెళ్లిన ఆ ఒక్క నిమిషంలోనే పిల్లలు అందులో పడతారు.

ఇలా వస్తువును మార్చడం ఎంత పని చేస్తుందో శ్రీలంకలో ఒక సర్జన్ చూపించాడు. ఆయన పేరు డాక్టర్ విజయ గోడకుంబుర. కిరసనాయిలు బుడ్డి పడిపోయి కాలిన వాళ్లకు ఆపరేషన్లు చేసీ చేసీ, లోపం మనుషుల్లో కాదు బుడ్డిలో ఉందని గ్రహించాడు. 1990ల మొదట్లో పొట్టిగా, బరువుగా, పక్కలు చదునుగా, మూత మరతో బిగిసేలా ఒక గాజు దీపం తయారు చేయించాడు. అది సులభంగా పడదు. పడినా దొర్లదు. నూనె ఒలకదు. మార్మైట్ అనే రొట్టె మీద రాసుకునే పదార్థం సీసా చూసి ఆయనకు ఆ ఊహ వచ్చిందట. 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు ఇచ్చారు. మన ఇళ్లలో కరెంటు వచ్చి బుడ్డి వాడకం తగ్గింది గానీ, కరెంటు పోయిన రాత్రి గ్లాసు బోర్లించి దాని మీద కొవ్వొత్తి నిలబెట్టే అలవాటు మాత్రం పోలేదు.

ఇక పురుగుల మందు. మన ప్రాంతమంతా మిర్చి, పత్తి. మందు లేని ఇల్లు ఉండదు. డబ్బాలో మందు అంత ప్రమాదం కాదు. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి చూరులో పెట్టినప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది. కూల్‌డ్రింకు సీసా చూస్తే తాగాలనే పిల్లలకు మనం నేర్పాం. మందు కొన్న డబ్బాలోనే ఉండాలి. తాళం వేసిన పెట్టెలో ఉండాలి. మన పాత ట్రంకు పెట్టెలు తుప్పు పట్టినా దీనికి పనికొస్తాయి. డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. అందులో ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు అంటే తీవ్ర విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఆకుపచ్చ అంటే తాగినా ఫరవాలేదని కాదు. గడ్డి మందుల్లో పారాక్వాట్ అనేది ఉంది. దానికి విరుగుడు లేదు. ఒక్క గుక్క చాలు. పిల్లవాడు ఆ రోజు బాగానే కనిపించవచ్చు, కొద్దిరోజుల్లో ఊపిరితిత్తులు పాడవుతాయి. అందుకే "ఏం కాలేదులే" అని ఆగకుండా డబ్బా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. కిరసనాయిలు తాగిన పిల్లకు ఉప్పునీళ్లు పోసి కక్కించకూడదు. కక్కినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అదే ప్రాణం తీస్తుంది.

మందుబిళ్లల డబ్బా మూత నొక్కి తిప్పితే గానీ రాకపోవడం మీరు చూసే ఉంటారు. దాన్ని 1967లో కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల డాక్టరు తెచ్చాడు. పిల్లలు మాత్రలు మింగి రావడం చూసి విసిగిపోయి, తల్లులకు ఉపన్యాసాలు ఇవ్వడం కంటే మూత మార్చడం మేలనుకున్నాడు.

నీళ్ల గురించి దుమ్ముగూడెం వాళ్లకు ఎవరు చెప్పాలి! గోదావరి పక్కనే పుట్టాం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ప్రతి అడుగూ రేడియోలో, టీవీలో చెబుతారు. కానీ పెరట్లో బకెట్‌కు హెచ్చరిక లేదు. నడక నేర్చే పిల్లకు తల బరువు. బకెట్ అంచు పట్టుకుని లోపలికి వంగితే తల ముందు పోతుంది, వెనక్కి లేవలేదు. అరవడం కూడా ఉండదు. జానెడు నీళ్లు చాలు. వాడకం అయిన బకెట్ బోర్లించాలి, తొట్టికి చెక్క మూత వేయాలి.

మన పక్క దేశం బంగ్లాదేశ్‌లో ఇంటి చుట్టూ చెరువులే. చిన్నపిల్లలు మునిగిపోయేది ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు అని అక్కడివాళ్లు గమనించారు. తల్లి వంటలో, ఇంటి పనిలో మునిగి ఉండే వేళ అది. అందుకని ఆ వేళకు పిల్లల్ని ఒక ఇంట్లో చేర్చి, ఊళ్లోని ఒక స్త్రీ చూసుకునేలా కేంద్రాలు పెట్టారు. వాటి పేరు 'ఆంచల్'. అంటే బెంగాలీలో చీర కొంగు. ఆ పద్ధతి వల్ల మునిగి చనిపోయే పిల్లలు బాగా తగ్గారు. బడికి పోని పిల్లలకు ఇటువంటి కేంద్రాలు పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో సూచించింది. మనకు అంగన్‌వాడీ ఉంది. దాన్ని పాలకు, గుడ్డుకు మాత్రమే అనుకుంటున్నాం. మిరప కోతల రోజుల్లో ఏడాది, రెండేళ్ల పిల్లల్ని కూడా తల్లి తిరిగి వచ్చేదాకా ఉంచుకునే ఏర్పాటు ఉంటే, ఎనిమిదేళ్ల పిల్లవాడు బడి మాని చంకలో చెల్లెల్ని మోయనక్కర్లేదు. ఈ మాట గ్రామసభలో అడగవలసింది మనమే. చదువుకున్నవాళ్లం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

పాముల గురించి కొద్దిగా. వానాకాలంలో కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారాక పిల్ల కడుపునొప్పి అని ఏడుస్తుంది, రెప్పలు వాలిపోతాయి. అజీర్తి అనుకుని వాము పెడుతూ ఉంటే పొద్దు పోతుంది. మంచం మీద పడుకోబెట్టి, మలేరియా కోసం పంచిన దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే దోమా రాదు, పామూ రాదు. కరిస్తే తాడు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ అంబులెన్సు లోపలి గూడేలకు చేరడం ఆలస్యమవుతుందనిపిస్తే, ఆటో అయినా ట్రాక్టరు అయినా ఎక్కించి ఎదురెళ్లాలి.

చిన్న వస్తువులు కూడా మరవద్దు. పల్లీలు, శనగలు, చింతగింజలు, సీతాఫలం గింజలు పొరపాటున గొంతులో కాక ఊపిరి గొట్టంలోకి పోతాయి. ఐదేళ్లలోపు వాళ్లకు పల్లీలు దంచి పెట్టండి. శ్రీరామనవమి తిరునాళ్లలో కొనే లైటు బొమ్మల్లో గుండీ లాంటి బ్యాటరీ ఉంటుంది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మరచీల ఉన్న బొమ్మే కొనండి.

మా పెద్దక్కకు ఇప్పుడు ఏడాది కొడుకు. మొన్న సంక్రాంతికి వాణ్ని తీసుకుని వస్తానంది. వాళ్లు వచ్చేలోపు నేను, నాన్న కలిసి పెరట్లో పొయ్యి చుట్టూ గోడ కట్టాం. దానికి తడిక అల్లింది చెల్లెలు, ఆ వేళ్లతోనే. పురుగుల మందు నా హాస్టల్ ట్రంకులోకి పోయింది. కిరసనాయిలు సీసా, మాత్రలు, కత్తిపీట పెట్టడానికి నాన్న తన గడ్డం ఎత్తున ఒక చెక్క కొట్టాడు. అమ్మ పొట్టిది. కత్తిపీట కావాలంటే ఇప్పుడు పీట ఎక్కాలి. ఎక్కిన ప్రతిసారీ నన్నూ, నా చదువునూ తిడుతూనే ఉంది. దిగాక మాత్రం ఆ పీటను కూడా తీసి గోడకు తగిలిస్తోంది.