స్క్రీన్‌ప్లే పఠన ప్రదర్శన

స్క్రీన్‌ప్లే పఠన ప్రదర్శన అనగా ఒక చలనచిత్ర స్క్రీన్‌ప్లేను నటీనటులు ప్రేక్షకుల ఎదుట, ప్రతులు చేతబట్టుకొని, మొదటినుండి చివరివరకు బిగ్గరగా చదివి వినిపించడం. ఇందులో కెమెరా, వేషధారణ, రంగాలంకరణ ఉండవు. సంభాషణలను ఆయా పాత్రధారులు చదువుతారు. దృశ్య వర్ణనలను, పాత్రల చేష్టలను వ్యాఖ్యాత చదువుతాడు. ఇదివరకే చిత్రంగా వచ్చిన స్క్రీన్‌ప్లేలను వినోదం కొరకు చదవడం కూడా కలదు. అయితే ఈ ప్రక్రియ వలన అధిక ప్రయోజనం పొందేది ఇంకా చిత్రీకరణకు నోచుకోని కొత్త రచన.

ఫాంటసీ కథల విషయంలో ఈ పఠనానికి ప్రత్యేక ప్రాధాన్యత ఉంది. మాయలు, రూపాంతరాలు, వింత జీవులు, లేని లోకాలు వంటివి తెరమీదికి తేవడానికి సెట్లు, విజువల్ ఎఫెక్ట్స్ రూపంలో చాలా ధనం ఖర్చవుతుంది. కథలోని లోపం ఆ ఖర్చు జరిగిన తరువాత బయటపడితే దిద్దుకోవడం కష్టం. పఠనంలో బయటపడితే కొన్ని పుటలు తిరగరాస్తే సరిపోతుంది.

ఇతర ప్రక్రియలతో పోలిక

టేబుల్ రీడ్: చిత్రీకరణకు ముందు నటవర్గం, సాంకేతిక వర్గం ఒక బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు చదువుకోవడం. దీనికి బయటి ప్రేక్షకులు ఉండరు.

కథ వినిపించడం: తెలుగు చిత్రపరిశ్రమలో రచయిత గాని, దర్శకుడు గాని ఒక్కరే నిర్మాతకు లేదా కథానాయకునికి కథ చెప్పే వాడుక ఇది. చెప్పేవారు నేర్పరులైతే కాగితం మీద లేనిదానిని కూడా గొంతుతో, సైగలతో పూరిస్తారు. పఠన ప్రదర్శనలో రాసినది తప్ప మరేదీ పలకకూడదు. అందువలన రచనలోని వెలితి దాగదు.

రేడియో నాటకం: ఇది వినడానికే రాసిన రచన. స్క్రీన్‌ప్లే చూపడానికి రాసినది. పఠన ప్రదర్శనలోని ముఖ్యమైన చిక్కు ఇక్కడే ఉంది.

చరిత్ర

ప్రతులు చేతబట్టుకొని కొత్త నాటకాన్ని చదివి పరీక్షించే పద్ధతి మొదట రంగస్థలానికి చెందినది. అమెరికాలో యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్ 1964లో ఏర్పడింది. అక్కడి నాటక రచయితల సదస్సు ఈ పద్ధతికి పేరుపొందింది. సినిమా కథలను తారలు ప్రేక్షకుల ఎదుట మైకుల ముందు చదవడం 1934 నుండి 1955 వరకు సాగిన లక్స్ రేడియో థియేటర్ కార్యక్రమంలో కనిపిస్తుంది. అయితే అవి రేడియో కొరకు మార్చి రాసినవి.

దర్శకుడు జేసన్ రైట్‌మన్ 2011 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ కౌంటీ కళా మ్యూజియంలో పఠన ప్రదర్శనల వరుసను ప్రారంభించాడు. మొదట చదివినది "ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్" స్క్రీన్‌ప్లే. ఒక్కో రచనను ఒక్కసారే చదవడం, దానిని రికార్డు చేయకపోవడం ఈ వరుసలోని నియమాలు. దృశ్య వర్ణనలను రైట్‌మన్ స్వయంగా చదివేవాడు. 1987లో వచ్చిన ఫాంటసీ చిత్రం "ది ప్రిన్సెస్ బ్రైడ్" కూడా ఈ వరుసలో చదవబడింది. అదే చిత్రం నటులు 2020 సెప్టెంబరులో ఎవరి ఇంటినుండి వారు అంతర్జాలం ద్వారా చదివిన కార్యక్రమం ఒక రాజకీయ పక్షానికి 40 లక్షల డాలర్లకు పైగా విరాళాలు తెచ్చింది.

కొత్త రచనకు సంబంధించి ప్రసిద్ధమైన ఉదాహరణ క్వెంటిన్ టరాంటినో రాసిన "ది హేట్‌ఫుల్ ఎయిట్". ఇది ఫాంటసీ కాదు, వెస్టర్న్. దీని తొలి ప్రతి 2014 జనవరిలో బయటకు పొక్కగా, ఆయన చిత్రం తీయడం మానుకుంటున్నట్లు ప్రకటించాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 19న లాస్ ఏంజెలెస్‌లో శామ్యూల్ జాక్సన్, కర్ట్ రస్సెల్ తదితరులతో దానిని చదివించి, వర్ణనలను తానే చదివాడు. చివరి అధ్యాయం మారుతుందని ఆ వేదికపైనే చెప్పాడు. మార్పులతో ఆ చిత్రం 2015 డిసెంబరులో విడుదలైంది.

ఫాంటసీ రచనలో ఎదురయ్యే సమస్యలు

మాట లేని దృశ్యాలు: ఫాంటసీలో అద్భుతం తరచుగా సంభాషణ లేని చోట జరుగుతుంది. "మాయాబజార్" (1957) చిత్రంలో భక్ష్యాలు వాటంతటవే లేచి ఘటోత్కచుని నోటిలోకి పోయే దృశ్యాన్ని పాట మినహాయించి కాగితం మీద ఊహించుకుంటే, మిగిలేది చేష్టల వర్ణన మాత్రమే. దానిని నవ్వు పుట్టేటట్లు వినిపించే భారమంతా వ్యాఖ్యాతదే.

రూపాంతరాలు: అదే చిత్రంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. తెరపై సావిత్రి నటనలో ఎస్వీ రంగారావు హావభావాలు చూసి ప్రేక్షకుడు ఇట్టే గ్రహిస్తాడు. పఠనంలో రూపం కనబడదు కనుక ఆ మాటలను ఏ గొంతు చదవాలో ముందే నిర్ణయించాలి. శశిరేఖ పాత్రధారిణియే చదివితే, పాత్ర పేరును "మాయా శశిరేఖ" అని మార్చి వ్యాఖ్యాతచే పలికించడం అవసరం.

కొత్త పేర్లు: కల్పిత రాజ్యాలు, వంశాలు, ఆయుధాల పేర్లు చదవడానికి ఒక తీరు, వినడానికి మరొక తీరు. ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు పేర్లను శ్రోత కలగలిపేసుకుంటాడు. చదువరి వలె వెనుకటి పుట తిప్పి చూసుకునే వీలు అతనికి లేదు.

మాయకు కట్టుబాట్లు: ఏ మంత్రం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు అన్నది శ్రోతకు తెలియకపోతే నాయకుడు ప్రమాదంలో పడినా భయం కలగదు.

మాటలతోనే అద్భుతాన్ని కళ్ళకు కట్టించడం తెలుగువారికి కొత్త కాదు. హరికథలో ఒకే కథకుడు దేవతలను, రాక్షసులను, యుద్ధాలను వినిపిస్తాడు. అయితే హరికథ శ్రోతకు కథ ముందే తెలుసు. కొత్త ఫాంటసీకి ఆ వెసులుబాటు లేదు.

నిర్వహణ విధానం

1. పఠన ప్రతి తయారీ: హాలీవుడ్ పద్ధతిలో రాసిన స్క్రీన్‌ప్లేలో ఒక పుట సుమారు ఒక నిమిషం చిత్రానికి సమానమని లెక్క. వర్ణన నిండిన పుటను బిగ్గరగా చదవడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి షాట్ల వివరాలు, పునరుక్తులు తొలగించి వర్ణనలను కుదిస్తారు. తెలుగులో పుటను నిలువుగా విభజించి ఎడమవైపు చేష్టలు, కుడివైపు సంభాషణలు రాసే పద్ధతి కూడా ఉంది. అటువంటి ప్రతిలో ఎడమ భాగం వ్యాఖ్యాతది.

2. పాత్రల పంపకం: ముఖ్యపాత్రలకు ఒక్కొక్కరిని, చిన్న పాత్రలన్నిటికి ఇద్దరు ముగ్గురిని నియమిస్తారు. ఒకే నటుడు చదివే రెండు పాత్రలు ఒకే సన్నివేశంలో ఎదురుపడకుండా చూడాలి. వ్యాఖ్యాతను అందరికంటే ముందు, అందరికంటే జాగ్రత్తగా ఎంచుకోవాలి. రచయితే వ్యాఖ్యాత అయితే వినే అవకాశం కోల్పోతాడు.

3. సాధన: కనీసం ఒకసారి మొత్తం చదివి సమయం చూసుకుంటారు. కల్పిత పేర్ల ఉచ్చారణ పట్టిక అందరికీ ఇస్తారు.

4. వేదిక: నటులు అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. ప్రతులు ఉంచుకోవడానికి ఎదుట స్టాండ్లు, మైకులు, మంచినీరు ఉంటే చాలు. సన్నివేశంలో లేనివారు తల దించుకొని ఉండడం వలన ఎవరు ఉన్నారో తెలుస్తుంది.

5. శబ్దాలు, చిత్రాలు: కల్పిత లోకపు పటం గాని, ఒకటి రెండు బొమ్మలు గాని తెరపై చూపవచ్చు. ఇవి ఎక్కువైతే పరీక్షింపబడేది రచన కాక అలంకరణ అవుతుంది.

ప్రేక్షకుల స్పందన

పఠన సమయంలో రచయిత వేదికను కాక ప్రేక్షకులను గమనించడం మేలు. నవ్వు రావలసిన చోట రాకపోవడం, జనం కుర్చీలలో కదలడం, దగ్గులు మొదలవడం వంటివాటిని తన ప్రతిలో గుర్తు పెట్టుకుంటాడు. తరువాతి చర్చలో "ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు మర్యాద జవాబులే వస్తాయి. "శాపం ఎలా తీరింది?", "రెండవ ద్వారం ఎవరు తెరిచారు?" వంటి ప్రశ్నలు అడిగితే కథ ఎంతవరకు చేరిందో తెలుస్తుంది. రచయిత వివరణ ఇవ్వకుండా వినాలి. చిత్రం విడుదలైన తరువాత ప్రతి ప్రేక్షకుని పక్కన కూర్చుని వివరించడం సాధ్యం కాదు కదా.

హక్కులు

భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం రచన పూర్తయినప్పటినుండే రచయితకు హక్కు ఉంటుంది, నమోదు తప్పనిసరి కాదు. అయితే కేవల ఆలోచనకు ఈ రక్షణ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో తెలిపింది. అందుచేత బహిరంగ పఠనానికి ముందే రచయితల సంఘంలో గాని, కాపీరైటు కార్యాలయంలో గాని నమోదు చేయించుకోవడం, ప్రతులకు సంఖ్యలు వేసి చివర తిరిగి తీసుకోవడం, రికార్డింగును నిషేధించడం మంచిది. ఇతరుల స్క్రీన్‌ప్లేను బహిరంగంగా చదవాలంటే హక్కుదారుని అనుమతి కావాలి.

పరిమితులు

గొప్ప నటుడు బలహీనమైన సంభాషణను కూడా నిలబెట్టగలడు. అది రచన గుణమని రచయిత పొరబడే ప్రమాదం ఉంది. మాటలు తక్కువగా ఉండి దృశ్యం మీదనే ఆధారపడిన మంచి రచన పఠనంలో తేలిపోవచ్చు. కాబట్టి పఠన ఫలితాన్ని చిత్రపు జయాపజయాలకు సూచనగా తీసుకోరాదు. కథ అర్థమయిందా, పాత్రల గతి ఏమవుతుందోనన్న ఆత్రుత శ్రోతకు కలిగిందా అన్న రెండు విషయాలను మాత్రం ఇది నమ్మకంగా తెలుపుతుంది. వట్టి మాటలలో వినిపించినప్పుడు కలగని ఆత్రుతను విజువల్ ఎఫెక్ట్స్ తెచ్చిపెట్టడం అరుదు.

ఇవి కూడా చూడండి

స్క్రీన్‌ప్లే
జానపద చిత్రాలు
రేడియో నాటకం
హరికథ