చప్పట్లు కొట్టించినవాడే వక్తా?

పోయినేడు పరీక్షల ముందు మండపేటలో ఒక కల్యాణ మండపంలో జరిగిన ప్రేరణ సదస్సుకి మా అన్నయ్య కొడుకు వెంట వెళ్లాను. వక్త చెవికి తగిలించుకున్న మైకు, వెనకాల సినిమా సంగీతం, పిల్లలంతా లేచి "నేను సాధిస్తాను" అని మూడుసార్లు అరవడం. చివర్లో అమ్మానాన్నల కష్టం చెప్పి సగం హాలుని ఏడిపించాడు. శాలువా కప్పారు. ఇంటికొచ్చాక "ఏం చెప్పార్రా?" అంటే వాడు కాసేపు ఆలోచించి, "బాగా చెప్పారు బాబాయ్" అన్నాడు.

మాటతో జనాన్ని కదిలించడం గురించి మనకున్న నమ్మకాలు కొన్ని ఇలాంటి హాళ్లలో పుట్టినవే. గోదావరి జిల్లాల చరిత్ర చూస్తే అవి నిలబడవు.

అపోహ: గొంతు ఖంగుమనాలి, మనిషి వేదికంతా తిరగాలి.

వాస్తవం: 1921 ఏప్రిల్‌లో కాకినాడ వచ్చిన గాంధీగారిది పెద్ద గొంతు కాదు. చేతులు ఊపుతూ మాట్లాడే అలవాటూ లేదు. దేవదాసీలతోనూ ఘోషా స్త్రీలతోనూ ఆయనకి ప్రత్యేకంగా సభ పెట్టించింది పన్నెండేళ్లు నిండని రాజమండ్రి పిల్ల, మనం తర్వాత దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ అని పిలుచుకున్నావిడ. ఐదు నిమిషాలకని వచ్చినాయన అరగంట ఉండిపోయారు. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చేశారు. ఆ తర్వాత కొండా వెంకటప్పయ్యగారు అనువదించాల్సిన సభలో ఈ పిల్లచేతే తెలుగు చెప్పించారు. ఇమ్మని అడిగినాయన సంపాదన ఎప్పుడో వదిలేసి జైళ్లు చూసొచ్చాడని ఆ నగలిచ్చినవాళ్లకి తెలుసు. అది తెలిశాక గొంతెంత పెద్దదని ఎవరు కొలుస్తారు?

మాకు దగ్గరే ఉన్న ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారిదీ ఇదే దారి. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి, బడి చదువు లేదు. ఊరూరా సభల్లో మాట్లాడారు, 1922లో ఏడాది జైలుశిక్ష పడితే వెళ్లి కూర్చున్నారు. జైలుకెళ్లొచ్చిన మనిషి మాటకి పీఠికలు అక్కర్లేదు.

అపోహ: వినేవాళ్ల మీద మాటల ప్రభావం 7 శాతమే. గొంతుది 38, హావభావాలది 55.

వాస్తవం: ఈ లెక్క చెప్పని వ్యక్తిత్వ వికాస తరగతి లేదు. మూలం 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు ప్రయోగాలు. ఒక్కో విడి మాటని రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, చెప్పేవాడికి ఎదుటివాళ్లంటే ఇష్టమా అయిష్టమా అని అడిగారు. మాటకీ ముఖానికీ పొంతన లేనప్పుడు జనం దేన్ని నమ్ముతారన్నదే అక్కడ ప్రశ్న. ఉపన్యాసాలన్నిటికీ ఇది వర్తించదని మెహ్రాబియనే చెప్పాడు. లేకపోతే, తమిళం ముక్క రాకుండా తమిళ ఉపన్యాసానికెళ్లి 93 శాతం మూటగట్టుకు రావచ్చు!

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడింది ఇంగ్లీషులో. ఆ లెక్కే నిజమైతే పక్కన నిలబడి తెలుగు చేసిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారితో పనే లేదు. కానీ జనం దాకా చేరింది చిలకమర్తివారి తెలుగే. పైగా ఆయన రేచీకటి మనిషి. శ్రోతల కళ్లలోకి చూస్తూ మాట్లాడమనే సూత్రం ఆయన ముందు చెప్పండి చూద్దాం. ఆ సందర్భంలో ఆయన ఆశువుగా ఒక పద్యం చెప్పారు. దేశం పాడి ఆవు, జనం దూడలు, మూతులు బిగగట్టి పాలు పిండుకునేవాళ్లు తెల్లవాళ్లు. పొద్దున్నే దూడని విడవడం, లాగి కట్టేయడం రోజూ చూసే జనానికి వలస పాలన ఆర్థికశాస్త్రమంతా పశువుల కొట్టంలోంచే అర్థమైపోయింది. ఆ పద్యం పాల్ ఉపన్యాసాలకంటే ఎక్కువ కాలం జనం నోట్లో నానింది. ఆ మాటల ప్రభావం ఏ 7 శాతం దగ్గరో ఆగలేదు: ఆ వేసవిలోనే రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుంటే ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ శిక్షలు వేశాడు. వాళ్లలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నారు.

అపోహ: గట్టిగా భయపెడితే కదులుతారు.

వాస్తవం: "చదవకపోతే కూలికెళ్తావ్" అనే వక్తలు ఈ ప్రయోగం తెలుసుకోవాలి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంథల్ బృందం విద్యార్థులకి ధనుర్వాతం గురించి చెప్పి టీకా వేయించుకోమంది. 1965లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువ భయపెట్టినా తక్కువ భయపెట్టినా టీకాకి వెళ్లినవాళ్లలో పెద్ద తేడా లేదు. టీకా వేసే చోటికి దారి చూపే పటం ఇచ్చి, ఎప్పుడు వెళ్తావో ఇప్పుడే చూసుకో అన్నచోట మాత్రం 28 శాతం మంది వెళ్లారు. ఆ మాట చెప్పనిచోట 3 శాతమే.

అపోహ: చప్పట్లు మోగితే సభ ఫలించినట్టే.

వాస్తవం: కందుకూరి వీరేశలింగంగారు వితంతు వివాహాల మీద రాజమండ్రిలో ఉపన్యసించింది 1879లో. మొదటి పెళ్లి జరిగింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో రెండేళ్లకు పైగా శాస్త్ర వాదాలు, తిట్లు, డబ్బు కోసం వెతుకులాట. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు పెట్టారు, పెళ్లి వీరేశలింగంగారింట్లోనే జరిగింది. ఉపన్యాసం అయిపోగానే శాలువాతో ఇంటికెళ్లిపోయి ఉంటే ఆ ముహూర్తం వచ్చేదే కాదు.

చప్పట్లు లేని సభ ఒకటి నేనూ చూశాను. ఆమధ్య సార్వాకి ముందు మా వైపు ఒక ఊళ్లో, వరి విత్తనం వరసగా వేసే డ్రమ్ సీడర్ మీద రైతుల సమావేశానికి వెళ్లాను. అధికారి గంటసేపు తెర మీద బొమ్మలు చూపించారు. నీళ్ల ఖర్చు, కూలీల ఖర్చు, అన్నీ సరైన లెక్కలే. రైతులు టీ తాగి లేవబోతుంటే వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన నిలబడి తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు: "పోయినేడు నేను అరెకరం వేశాను. కలుపుతో చచ్చాను, అది మాత్రం చెప్తున్నాను. గింజ మాత్రం తగ్గలేదు. రేపు ఏడింటికి కాలవగట్టు దగ్గర మా చేలో లాగుతాను, చూడాలనుకుంటే రండి."

మర్నాడు ఏడింటికి నేనూ వెళ్లాను. గట్టు మీద పదకొండు మోటారు సైకిళ్లున్నాయి.