ఇంటర్నెట్ రోజుల్లో మన ఇంటి తెలుగు: మాటా, రాతా



ఈనాటి ప్రసంగంలో మన చేతిలోని ఫోను గురించి, దాని మూలంగా మన ఇళ్ళలో మారిన అలవాట్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఫోను మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోవడం లేదు. తెలుగు రాష్ట్రాల ఎల్లకు ఇవతల తరతరాలుగా ఉంటున్న మనబోటి కుటుంబాలలో, ఇంటర్నెట్ వచ్చిన తరువాత తెలుగు మాటకు ఏమైంది, తెలుగు రాతకు ఏమైంది అన్నదే ఈనాటి విషయం.

ముందుగా పాత సంగతి ఒకటి. మాది బళ్ళారి ప్రాంతం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర వైపు వెళ్ళాయి. గీత పటం మీద పడింది గాని, చుట్టరికాలు తెగలేదు. మా అక్కయ్యను ఆదోనికి ఇచ్చారు. నెలకో ఇన్‌లాండు ఉత్తరం వచ్చేది. అమ్మకు చదువు రాదు. వంటింటి గడప మీద కూర్చుని నేను చదువుతుంటే, అమ్మ బియ్యం ఏరుతూ వినేది. ఉత్తరం మడత మీద, అంచున, అడ్డంగా సన్నటి అక్షరాలతో అక్కయ్య ఇంకో రెండు ముక్కలు రాసేది. “ఇది అమ్మకు చదివి వినిపించవద్దు” అని మొదలయ్యేవి అవి. బావకు పని దొరకలేదనో, బిడ్డకు జ్వరం తగ్గలేదనో ఉండేది. నేను ఆ ముక్కలు దాటేసి, చివర “అందరినీ అడిగినట్లు చెప్పవలెను” అన్నది మాత్రం చదివేవాణ్ణి.

ఆ తరువాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అప్పుడు వెళ్ళి వరుసలో నిలబడేవాళ్ళం. ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు మీద కన్ను వేసి, క్షేమం కనుక్కుని పెట్టేసేవాళ్ళం. ఉత్తరాలు అప్పుడే తగ్గడం మొదలుపెట్టాయి. మన దేశంలో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్య జనానికి అందుబాటులోకి వచ్చింది. అది మొదట పెద్ద నగరాల మాట. మా ఇంటికి అది నిజంగా వచ్చింది సెల్‌ఫోనులోనే.

2013లో వాట్సాప్‌లో మాటను రికార్డు చేసి పంపే సౌకర్యం వచ్చింది. మా అక్కయ్య వంటివారికి అది పెద్ద వరమయింది. కళ్ళజోడు వెతుక్కునే పని లేదు, కలం పట్టే పని లేదు. బొత్తాం నొక్కి పట్టుకుని “ఏం నాయనా, బాగుండావా? బువ్వ తింటివా?” అని రోజూ పొద్దున్నే పలకరించేది. నెలకోసారి వచ్చే మాట రోజుకోసారి వచ్చింది. ఇంట్లో పిల్లలు కూడా ఆ మాట విని, అదే యాసలో జవాబు చెప్పేవారు. ఇంటర్నెట్ మన భాషను తినేస్తుందని చాలామంది అంటారు. చెవి మటుకు చూస్తే మా ఇంట్లో జరిగింది దానికి విరుద్ధం. దూరంగా ఉన్న తెలుగు మాట దగ్గరకు వచ్చింది.

2021లో అక్కయ్య పోయింది. మరుసటి ఏడు నా ఫోను నీళ్ళలో పడి పాడయింది. అందులోని మాటలను వేరే చోట దాచుకోవాలన్న ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. ఎనిమిదేళ్ళ పలకరింపులలో ఒక్కటీ మిగలలేదు. ఇంట్లో మిగిలింది ట్రంకు పెట్టెలోని నలభై చిల్లర ఇన్‌లాండు ఉత్తరాలు.

అవి తీసి దులుపుతుంటే నా మనవరాలు వచ్చి, “తాతా, ఇందులో ఏముంది?” అని అడిగింది. ఎనిమిదో తరగతి పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది. బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతుంది. ఉత్తరం చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, “నువ్వే చదువు తాతా” అంది. యాభై ఏళ్ళ కిందట మా అమ్మ కూర్చున్న చోటనే ఆ పిల్ల కూర్చుంది. మా అమ్మ బడికి పోలేదు. ఈ పిల్ల బడిలో మొదటి వరుసలో ఉంది. అయినా తెలుగు ఉత్తరం ముందు ఇద్దరిదీ ఒకే స్థితి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. హోసూరులో పిల్లలు తెలుగు మాటను తమిళ అక్షరాలలో రాస్తారు. షోలాపురంలో దేవనాగరిలో, పర్లాకిమిడి, బరంపురం వైపు ఒడియాలో రాస్తారు. అన్ని చోట్లా ఫోనులో ఇంగ్లీషు అక్షరాలలో రాయడం మామూలయింది. యానాం వారి పరిస్థితి కొంత వేరు. అక్కడ ఊరి భాష తెలుగే. అయినా ఫోను మీద వేళ్ళు పోయేది ఇంగ్లీషు అక్షరాల వైపే.

“ఏ అక్షరాలైతే నేమి, అర్థమైతే చాలదా?” అని అడగవచ్చు. కొంతవరకే చాలుతుంది. తమిళ లిపిలో ప-కూ బ-కూ ఒకే అక్షరం. కనుక ‘పాట’, ‘బాట’ ఒకే విధంగా కనిపిస్తాయి. దేవనాగరిలోనూ ఒడియాలోనూ మామూలు రాతలో ఎ-కారానికీ ఏ-కారానికీ తేడా చూపరు. ‘మెడ’ నొప్పో, ‘మేడ’ మెట్లో సందర్భం చూసి ఊహించుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలలో ‘పాట’ అన్నా ‘పాత’ అన్నా అదే వరుస. పెద్దలకు మాట ముందే తెలుసు గనుక సర్దుకుంటారు. ఆ మాటను మొదటిసారి చూసే పిల్లలకు సరైన పలుకు దొరకదు. పిల్లలు తప్పుగా నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తలచుకోవాలి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాం. మాట్లాడే తెలుగుకూ రాసే తెలుగుకూ నడుమ దూరం ఉండరాదని ఆయన పోరాడారు. ఆ పోరాటం ఫలించింది. ఈనాడు మాట్లాడినట్లే రాయవచ్చు. కాని మన సరిహద్దు ఇళ్ళలో ఆ రాసే అలవాటే తప్పిపోతున్నది.

మరి ఫోనులో తెలుగు రాయడం కష్టమా? ఒకప్పుడు కష్టమే. ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతిలో అక్షరాలు తయారుచేసేది. ఒక కంప్యూటరులో రాసినది ఇంకో దానిలో గళ్ళుగానో, పిచ్చిగీతలుగానో కనిపించేది. ఈ చిక్కును విప్పినది యూనికోడ్ అనే పద్ధతి. దాని మొదటి కూర్పు 1991లో వెలువడింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించడమే దాని సారాంశం. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు ఇచ్చారు. అందులో ‘క’ అంకె 3093. కన్నడ ‘క’ అంకె 3221. రెంటికీ తేడా సరిగ్గా 128. అంటే పక్క పక్క వీధుల్లో ఒకే వరుస నంబరు గల ఇళ్ళ వంటివి అవి. మన దేశపు ప్రధాన లిపులలో చాలావాటిని ఇలాగే సమాంతరంగా అమర్చారు.

ఉత్తరాలలో మనం మొదట రాసే ‘క్షేమం’ అన్న మాటనే తీసుకోండి. ఫోను దానిని ఆరు అంకెలుగా దాచుకుంటుంది: క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్న. వాటిని కలిపి, ఒత్తు ఎక్కడ రావాలో చూసి, అక్షరంగా గీసి చూపించే పని ఫోనుది. మనకు గుర్తుంచుకోవలసిన పని ఏమీ లేదు. ఫోను సెట్టింగులలో భాషలు, కీబోర్డు అన్న చోటికి వెళ్ళి తెలుగును చేర్చుకుంటే చాలు. ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికలో అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు ఉంటాయి. కన్నడంలో ‘క’ ఉన్న మీట మీదే తెలుగులోనూ ‘క’ ఉంటుంది. ఒక భాషలో చేయి తిరిగితే రెండో భాషకు మళ్ళీ నేర్చుకోనక్కరలేదు. వేళ్ళు సహకరించని పెద్దవారు మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే, ఆ మాట అక్షరాలుగా మారుతుంది. మన సరిహద్దు యాసను అది ఒక్కోసారి తప్పుగా వింటుంది. ఒకసారి చదివి దిద్దుకుంటే సరి.

మా మనవరాలి సంగతి పూర్తి చేస్తాను. కన్నడం వచ్చిన పిల్ల గనుక ఆమెకు సగం దారి ముందే తెలుసు. గ, ద, న, ర, ల వంటివి రెండు లిపులలోనూ దాదాపు ఒకటే. క, త, శ వంటి కొన్ని వేరు. తలకట్టు తీరు వేరు. రోజూ సాయంత్రం అరగంట కూర్చున్నాం. నేను ఫోనులో తెలుగు అక్షరాలతో ఒక వాక్యం పంపేవాణ్ణి. ఆమె పక్క గదిలోంచి తెలుగులోనే జవాబు రాసేది. మొదట “అన్నం తిన్నావా” అని, తరువాత “ఈ రోజు బడిలో ఏం జరిగింది” అని. నెల దాటేసరికి పెట్టెలోని ఒక ఉత్తరం తనంతట తానే తీసుకుంది. అక్కయ్య చేతిరాత కుదురైనది కాదు. కూడబలుక్కుంటూ చదివి, అంచు దగ్గర ఆగింది. “తాతా, ఇక్కడ అమ్మకు చదవద్దని రాసుంది. నేను చదవవచ్చా?” అని అడిగింది. చదవమన్నాను. ఆ ఏడు వానలు లేక తన గాజులు కుదువ పెట్టిన సంగతి అక్కయ్య అందులో రాసింది. అమ్మ చనిపోయేదాకా ఆ సంగతి ఆమెకు తెలియదు. నేనూ మరచిపోయాను. ఆ పిల్ల మళ్ళీ గుర్తు చేసింది.

శ్రోతలారా, మాట వద్దు రాత కావాలని నేను అనడం లేదు. రెండూ కావాలి. దగ్గరివారి మాటలు ఫోనులో ఉంటే, వాటిని ఇంకో చోట కూడా దాచండి. పేరు, తేదీ రాసి పెట్టండి. ఆ పని చేయకే నేను మా అక్కయ్య గొంతు పోగొట్టుకున్నాను. రెండోది, మీ ఇంటి వాట్సాప్ బృందంలో రోజుకు ఒక్క వాక్యమైనా తెలుగు అక్షరాలలో రాయండి. పొద్దున్నే పూల బొమ్మతో వచ్చే శుభోదయం ఇంకొకరు తయారుచేసినది. “నిన్న మన వీధిలో వాన పడింది” అన్న వాక్యం మీది. పిల్లలు దానిని చదవడానికి ప్రయత్నిస్తారు. తప్పులుంటే నవ్వకుండా దిద్దండి.

మన పెట్టెలలో ఇంకా ఉత్తరాలు ఉన్నాయి. వాటిని చదివి వినిపించగలవారు కూడా ఇంకా ఉన్నారు. ఈ రెండూ ఒకే కాలంలో ఉన్నప్పుడే పిల్లలకు ఆ అక్షరాలు నేర్పాలి.