దొంగ వ్యాపారి నుంచి గవర్నర్‌ దాకా.. ‘డైమండ్‌’ పిట్‌ కథ

2025 అక్టోబరులో పారిస్‌ లూవ్ర్‌ మ్యూజియంలో పట్టపగలు నగలు ఎత్తుకెళ్లారు, గుర్తుందా? ఆ దొంగలు అక్కడే ఉన్న ఓ పెద్ద వజ్రాన్ని మాత్రం వదిలేసి వెళ్లారు. పేరు రీజెంట్‌. బరువు 140 క్యారెట్లు. పుట్టింది మన కృష్ణా తీరంలో, కొల్లూరు - పరిటాల గనుల ప్రాంతంలో. ఇక్కడి రాయి అంత దూరం ఎలా పోయిందా అని వెతుకుతుంటే నాకు దొరికిన మనిషి థామస్‌ పిట్‌.

1653లో ఇంగ్లండ్‌లో ఓ పాస్టర్‌ ఇంట్లో పుట్టాడు. ఇరవై దాటాక ఒడిశా తీరంలోని బాలాసోర్‌కి వచ్చిపడ్డాడు. అప్పట్లో ఇంగ్లిషువాళ్లలో ఇక్కడ వ్యాపారం చేసే హక్కు ఒక్క ఈస్టిండియా కంపెనీకే ఉండేది. మనోడు ఆ రూల్‌ని అస్సలు లెక్కచేయలేదు. సొంతంగా కొన్నాడు, సొంతంగా అమ్మాడు. కంపెనీ దృష్టిలో దొంగ వ్యాపారి అన్నమాట. కేసు పెట్టారు, జరిమానా వేయించారు. అయినా మానలేదు.

పైగా ఆ డబ్బుతో రాజకీయాల్లోకి దిగాడు. ఓల్డ్‌ సేరమ్‌ అని ఓ పాడుబడ్డ ఊరుంది. జనం లేరు, కానీ పార్లమెంటులో రెండు సీట్లున్నాయి. అక్కడి భూమి ఎవరిదైతే సీట్లు వాళ్ల చేతిలోనే. పిట్‌ ఆ భూమి కొనేశాడు. ఓటుకు నోటు గురించి మనం గొడవపడతాం కానీ, ఇక్కడ నియోజకవర్గమే బేరం!

చివరికి కంపెనీ అలసిపోయి అతన్నే పిలిచి ఉద్యోగమిచ్చింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. 1698లో మద్రాసు సెయింట్‌ జార్జి కోటకు గవర్నర్‌గా వచ్చాడు. పనిమంతుడే, ఒప్పుకోవాలి. 1702లో మొఘల్‌ సేనాని దావూద్‌ఖాన్‌ కోటను నెలల తరబడి ముట్టడించినా నిలబెట్టుకున్నాడు.

అసలు కథ అంతకు కాస్త ముందు మొదలైంది. 1701 చివర్లో జామ్‌చంద్‌ అనే పేరుమోసిన వజ్రాల వ్యాపారి ఓ పచ్చి రాయి పట్టుకొచ్చాడు. 410 క్యారెట్లు. ధర 2 లక్షల వరహాలన్నాడు. పిట్‌ 30 వేలన్నాడు. అతను దిగుతూ వచ్చాడు, ఇతను ఎక్కుతూ వచ్చాడు. మధ్యలో లేచి వెళ్లిపోవడం, మళ్లీ రావడం.. అచ్చం మన చీరల కొట్టు సీనే. ఆఖరికి 48 వేల వరహాలకు తెగింది. అప్పటి లెక్కలో సుమారు 20,400 పౌండ్లు.

రాయిని కొడుకు రాబర్ట్‌తో లండన్‌ పంపాడు. బూటు మడమలో దాచి తీసుకెళ్లాడని చెప్పుకుంటారు. అక్కడ సాన పట్టించారు. 1717లో ఫ్రాన్స్‌ రీజెంట్‌ 1,35,000 పౌండ్లకు కొన్నాడు. ఆరు రెట్లకు పైమాటే!

కానీ ఆ వజ్రం మీద నెత్తుటి కథ ఒకటి తిరిగింది. గనిలో పనిచేసే బానిస ఒకడు కాలి గాయంలో రాయి దాచుకుని పారిపోయాడని, ఓ ఓడ కెప్టెన్‌ అతన్ని చంపి లాక్కున్నాడని. ఇంకొందరైతే పిట్టే బెదిరించి గుంజుకున్నాడన్నారు. ఈ పుకార్లు అతన్ని బాగానే కుదిపాయి. 1710లో ఇంటికెళ్తూ నార్వేలోని బెర్గెన్‌లో ఆగినప్పుడు, రాయిని న్యాయంగానే కొన్నానని దేవుడి మీద ఒట్టేసి వాంగ్మూలం రాసుకున్నాడు.

ఆ వాంగ్మూలం గురించి చదివాక నన్ను పట్టుకున్నది వేరు. బేరంలో ఏ అంకె దగ్గర ఎవరు ఆగారో అందులో ఉంది. రాయిని తవ్వి తీసిన మనిషి ఊసే లేదు. అంతకు అర్ధ శతాబ్దం ముందు కొల్లూరు చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, ఆడా మగా పిల్లలూ కలిపి 60 వేల మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఆ కొల్లూరు కూడా ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. పిట్‌ న్యాయంగానే కొన్నాడనుకుందాం. జామ్‌చంద్‌ దాకా ఆ రాయి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం అతను ఎవరినీ అడిగినట్టు కనిపించదు.

పిట్‌ 1726లో పోయాడు. రాబర్ట్‌ కొడుకు విలియం 1735లో అదే ఓల్డ్‌ సేరమ్‌ సీటు నుంచి పార్లమెంటులో అడుగుపెట్టి, తర్వాత ప్రధాని అయ్యాడు. మునిమనవడు ఇంకో విలియం, 1783లో 24 ఏళ్లకే ప్రధాని. ముత్తాత మీద కేసు పెట్టిన ఆ కంపెనీని 1784లో ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది ఈ కుర్రాడే. గ్రూప్స్‌కి చదివేవాళ్లు బట్టీ పట్టే ‘పిట్స్‌ ఇండియా చట్టం’ అదే.