బ్లూటూత్ కలిసినా ఇంటర్నెట్ రాదెందుకు? ఫైర్‌వాల్‌ను తొలగించకుండానే పరిష్కారం

ల్యాప్‌టాప్‌కు కేబుల్ ద్వారా ఇంటర్నెట్ వస్తోంది. చేతిలోని ఫోనులో ఆనాటి డేటా అయిపోయింది. ల్యాప్‌టాప్‌లోని ఇంటర్నెట్‌ను ఫోనుకు పంచుకుందామని రెండింటినీ బ్లూటూత్‌తో కలిపారు. ‘కనెక్టెడ్’ అన్న మాట తెరపై కనిపిస్తోంది. అయినా ఒక్క వెబ్ పేజీ కూడా తెరుచుకోదు.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని మోవా వంటి నివాస ప్రాంతాల్లో అద్దె గదుల్లో ఉండి చదువుకునేవారికైనా, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికైనా, విజయనగరంలో ఉన్న వారి బంధువులకైనా ఈ చిక్కు ఎదురుకావచ్చు. ఇటువంటప్పుడు తెలిసినవారు చెప్పే మొదటి సలహా ‘ఫైర్‌వాల్ ఆపేసి చూడండి’ అన్నదే. అలా ఆపిన వెంటనే ఇంటర్నెట్ వచ్చిందంటే ఇక దానిని తిరిగి ఆన్ చేయాలన్న ధ్యాస చాలామందికి ఉండదు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఆ కాపలా ఎందుకు?

కంప్యూటర్‌కు బయటి నుంచి వచ్చే సమాచారం పోర్టులనే సంఖ్యాత్మక ద్వారాల గుండా లోపలికి ప్రవేశిస్తుంది. ఏ ద్వారం తెరవాలో, ఏది మూయాలో నిర్ణయించే కాపలాదారే ఫైర్‌వాల్. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన వన్నాక్రై వైరస్ 445వ పోర్టు ద్వారా ఒక కంప్యూటర్ నుంచి మరొక దానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే విడుదల చేసింది. అది వేసుకోని యంత్రాలలో కూడా, బయటి నుంచి ఆ పోర్టుకు వచ్చే రాకపోకలను ఫైర్‌వాల్ అడ్డుకున్న చోట ఆ మార్గంలో వైరస్ ప్రవేశించలేకపోయింది.

అందువల్ల చేయవలసిన పని గోడను కూల్చడం కాదు. అవసరమైన ద్వారం ఏదో కనిపెట్టి దానిని మాత్రమే తెరవాలి.

ముందుగా చూడవలసినవి

తప్పు ఫైర్‌వాల్‌దేనని తేల్చుకునే ముందు మూడు విషయాలు పరిశీలించాలి. మొదటిది, ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ సక్రమంగా పనిచేస్తోందా? రెండవది, విండోస్ 10, 11లలోని సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ విభాగం కింద ఉండే ‘మొబైల్ హాట్‌స్పాట్’ ఆన్ అయి ఉందా? అందులో పంచుకునే మార్గంగా వైఫైకి బదులు బ్లూటూత్‌ను ఎంచుకున్నారా?

మూడవది చాలామంది గమనించనిది. రెండు పరికరాలు జతకూడటం వేరు, వాటి మధ్య నెట్‌వర్క్ ఏర్పడటం వేరు. జతకూడటమంటే పరిచయం మాత్రమే. ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ జాబితా తెరిచి, ల్యాప్‌టాప్ పేరు పక్కనున్న గుర్తును తాకితే ‘ఇంటర్నెట్ యాక్సెస్’ అనే మీట కనిపిస్తుంది. దానిని ఆన్ చేసినప్పుడే నెట్‌వర్క్ సంధానం కుదురుతుంది.

మూడు మెట్ల పరీక్ష

ఇవన్నీ సరిగా ఉన్నా ఇంటర్నెట్ రాకపోతే, ఫోను నుంచి బయలుదేరిన అభ్యర్థన ఎక్కడ ఆగిపోతోందో వెతకాలి. అది వరుసగా మూడు మెట్లు దాటవలసి ఉంటుంది.

మొదటి మెట్టు చిరునామా. ఫోనుకు ఒక ఐపీ చిరునామాను ల్యాప్‌టాప్ ఇవ్వాలి. విండోస్‌లో ఈ పంపకం సాధారణంగా 192.168.137తో మొదలయ్యే చిరునామాలతో జరుగుతుంది. లినక్స్‌లోని నెట్‌వర్క్ మేనేజర్ అయితే సాధారణంగా 10.42.0తో మొదలుపెడుతుంది. ఇందుకు యూడీపీ పద్ధతిలో 67, 68 పోర్టులు అవసరం. ల్యాప్‌టాప్‌లో 67వ పోర్టు మూసి ఉంటే ఫోను అడిగిన మాట దానికి వినిపించదు. అప్పుడు కొన్ని పరికరాలు 169.254తో మొదలయ్యే చిరునామాను తమంతట తామే పెట్టుకుంటాయి. మరికొన్ని కాసేపు ఎదురుచూసి సంధానాన్ని తెంచుకుంటాయి. ఈ లక్షణం కనిపిస్తే అడ్డు మొదటి మెట్టులోనే ఉన్నదని గ్రహించాలి.

రెండవ మెట్టు పేరు. వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే పనిని డీఎన్ఎస్ అంటారు. అది 53వ పోర్టు ద్వారా జరుగుతుంది.  అంకెల చిరునామాలు పనిచేస్తూ, పేర్లతో పిలిచే సైట్లు మాత్రం తెరుచుకోకపోతే లోపం ఈ మెట్టులో ఉన్నట్లే.

మూడవ మెట్టు దారి. చిరునామా వచ్చినా పేరు గానీ అంకెలు గానీ పనిచేయకపోతే, ఫోను నుంచి వచ్చిన సమాచారాన్ని ల్యాప్‌టాప్ బయటి ఇంటర్నెట్‌కు చేరవేయడం లేదన్నమాట. విండోస్‌లో ‘ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్’ అనే సర్వీసు ఆగిపోయినా, వీపీఎన్ నడుస్తున్నా ఇలా జరగవచ్చు. లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఒక నెట్‌వర్క్ నుంచి మరొక నెట్‌వర్క్‌కు వెళ్లే రాకపోకలను ప్రత్యేకంగా చెబితే తప్ప అనుమతించదు.

తెరవవలసినంతే తెరవాలి

విండోస్‌లోని సొంత ఫైర్‌వాల్ సాధారణంగా ఇంటర్నెట్ పంచుకోవడానికి కావలసిన నియమాలను తానే చేర్చుకుంటుంది. యాంటీవైరస్‌తో కలిసి వచ్చే ఇతర ఫైర్‌వాల్‌లు కొత్తగా ఏర్పడిన బ్లూటూత్ నెట్‌వర్క్‌ను అపరిచితమైన బహిరంగ నెట్‌వర్క్‌గా భావించి అడ్డుకునే అవకాశం ఎక్కువ. అటువంటి ప్రోగ్రాంలో నెట్‌వర్క్‌ల జాబితా తెరిచి, ఆ ఒక్క బ్లూటూత్ సంధానాన్ని మాత్రమే నమ్మదగినదిగా గుర్తిస్తే చాలు. ఆ సౌకర్యం లేకపోతే లోపలికి వచ్చే రాకపోకల నియమాల్లో 67, 53 పోర్టులకు అనుమతి ఇవ్వాలి.

అనుమానం నిజమో కాదో తెలుసుకోవడానికి విండోస్ ఫైర్‌వాల్‌లో ఒక మార్గం ఉంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, తాను తిరస్కరించిన ప్రతి రాకపోకనూ లాగ్ ఫైలులో నమోదు చేయమని దానిని ఆదేశించవచ్చు. మరోసారి ఫోనును కలిపి ఆ ఫైలు చూస్తే ఏ పోర్టు దగ్గర అడ్డు తగిలిందో తెలుస్తుంది. ఆపి పరీక్షించడం తప్పనిసరైతే, అక్కడే కాపలా ఉండే కనెక్షన్ల జాబితా నుంచి బ్లూటూత్‌ను మాత్రమే తొలగించి, పరీక్ష ముగిసిన వెంటనే తిరిగి చేర్చాలి. కేబుల్, వైఫై సంధానాల కాపలా మాత్రం చెదరకూడదు.

కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే సంగతి వేరు. ఇంటర్నెట్ పంపకాన్ని సంస్థలే నిషేధించే వీలు విండోస్‌లో ఉంది. ఆ నిషేధాన్ని తప్పించుకునే ప్రయత్నం చేయకుండా కంప్యూటర్ విభాగాన్ని సంప్రదించడం మంచిది.

వేగం తక్కువైతే అది ఫైర్‌వాల్ తప్పు కాదు

పేజీలు తెరుచుకుంటున్నా నెమ్మదిగా ఉంటే ఫైర్‌వాల్‌ను అనుమానించనక్కరలేదు. 2.0 నుంచి సంప్రదాయ బ్లూటూత్ గరిష్ఠ వేగం కాగితంపై సెకనుకు 3 మెగాబిట్లు. ఆచరణలో దక్కేది అంతకన్నా తక్కువ. ఉత్తరాలు, సందేశాలు, వార్తలు చదువుకోవడానికి అది సరిపోతుంది. వీడియోలకు వైఫైయే తగినది.

ఫైర్‌వాల్ ఆపలేని ముప్పు కూడా ఒకటుంది. ఆర్మిస్ అనే భద్రతా సంస్థ 2017 సెప్టెంబరులో బ్లూబోర్న్ పేరిట కొన్ని బ్లూటూత్ లోపాలను వెల్లడించింది. వాటిలో ఒకటి ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ ద్వారా ఇంటర్నెట్ పంచుకోవడానికి తోడ్పడే భాగంలోనే ఉంది. పరికరాలు జతకూడకపోయినా దాడికి వీలిచ్చే లోపం అది. గూగుల్ అదే నెలలో దిద్దుబాటును విడుదల చేసింది. నవీకరణలు ఆగిపోయిన పాత ఫోన్లు, ట్యాబ్లెట్లు వాడేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

పని పూర్తయిన తరువాత హాట్‌స్పాట్‌ను, బ్లూటూత్‌ను ఆపివేయాలి. పరీక్ష కోసం చేర్చిన నియమాల్లో అక్కరలేని వాటిని తొలగించాలి. చివరిగా విండోస్ సెక్యూరిటీలో ఫైర్‌వాల్ మూడు విభాగాల్లోనూ ఆన్ అయి ఉందో లేదో ఒకసారి చూడాలి. అందుకు అర నిమిషం చాలు.