ఎలుగుబంటి ఊపిరి ఇంటిదాకా వస్తుందా?

‘ద రెవెనెంట్’లో లియొనార్డో డికాప్రియో మీద ఎలుగుబంటి విరుచుకుపడే సన్నివేశం చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను దాన్ని మొదటిసారి మా హాల్లో చూశాను. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఐదులో, ఓటీటీలో. అడవిలో గుసగుసలు వినబడక వాల్యూమ్ పెంచాను. ఎలుగు అరవగానే లోపలి గదిలో కునుకు తీస్తున్న అమ్మ ఉలిక్కిపడి లేచింది. తగ్గించాను. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగలేదు.

కొన్నేళ్లకు ఓ స్నేహితుడి ఇంట్లో అదే సినిమా డిస్కు వేశారు. కర్టెన్లు మూశారు. గోడవారగా స్పీకర్లున్నాయి. ఆ రోజు నన్ను భయపెట్టింది ఎలుగు అరుపు కాదు. కిందపడ్డ మనిషి మీదికి వంగి అది వాసన చూస్తున్నప్పటి ఊపిరి. మా హాల్లో ఆ ఊపిరి ఉందన్న సంగతే నాకు తెలియలేదు.

సినిమా ఒకటే కదా, మధ్యలో ఆ ఊపిరి ఎక్కడ పోయింది?

ముందు సినిమా ఎలా తీశారో చూద్దాం. కథ 1823 నాటిది, అమెరికాలో ఉన్నిచర్మాల వేటగాళ్లది. దర్శకుడు అలెహాంద్రో ఇన్యారిటు. ఛాయాగ్రాహకుడు ఎమ్మాన్యుయెల్ లుబెజ్కీ దాదాపు అంతా సహజమైన వెలుతురులోనే తీశారు. పగలు ఎండ, మబ్బు. రాత్రి నెగడు. మొదట పగటి దృశ్యాలను ఫిల్ము మీద తీద్దామనుకుని, తర్వాత పూర్తిగా డిజిటల్‌కి మారారు. పెద్ద సెన్సర్ ఉన్న అలెక్సా 65 కెమెరా కూడా వాడారు. కెనడాలో మంచు కరిగిపోతే, ముగింపు కోసం అర్జెంటీనా దక్షిణపు కొసకు వెళ్లారు. ఈ సినిమాతో లుబెజ్కీకి వరసగా మూడో ఆస్కార్ వచ్చింది. అంటే ఇందులో బొమ్మకు ప్రాణం పోసేవి మంచు, పొగమంచు, పారే నీరు, సందెచీకటి. కెమెరా ఎంత దగ్గరికి వెళుతుందంటే, ఒకచోట నటుడి ఊపిరికి లెన్సే మసకబారుతుంది.

సరిగ్గా ఇవే ఇంటికి తేవడం కష్టమైనవి. కారణం కుదింపు (వీడియో ఫైలును చిన్నది చేయడం).

లెక్క చూడండి. 4కే బొమ్మలో సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. సెకనుకు 24 బొమ్మలు. ఏమీ కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 6,000 మెగాబిట్లు కావాలి. 4కేలో చూడాలంటే నెట్ వేగం 15 మెగాబిట్లు ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. అంటే నాలుగు వందల పాళ్లలో ఒక పాలు. మిగతాదంతా ఏమైనట్టు?

పాల లెక్క పుస్తకం గుర్తు తెచ్చుకోండి. రోజూ అర లీటరే అయితే మొదటి రోజు రాసి, కింద ‘పైలాగే’ అని గీతలు పెట్టేస్తాం. ఒకరోజు చుట్టాలొచ్చి లీటరు పోయించుకుంటే, ఆ ఒక్క రోజే విడిగా రాస్తాం. వీడియో కుదింపు చేసేదీ అదే. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ముందు బొమ్మతో పోల్చి, మారినవే రాసుకుంటుంది. వార్తలు చదివే మనిషి వెనక గోడ మారదు, పెదవులే కదులుతాయి. పని సుళువు. మంచు కురిసే అడవిలో ఒక్క గడీ కూడా ‘పైలాగే’ ఉండదు. రాయాల్సింది కొండంత, పుస్తకంలో చోటు పిసరంత. అప్పుడు చిన్న వివరాలను వదిలేస్తుంది. మంచు రేణువులు మెత్తటి ముద్దలవుతాయి, దూరపు చెట్లు అలికినట్టుంటాయి.

డిస్కులో ఆ పుస్తకం పెద్దది. 4కే బ్లూరే డిస్కులో 100 గిగాబైట్ల దాకా పడుతుంది. దాని బిట్‌రేట్ (సెకనుకు అందే సమాచారం) ఓటీటీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా నెట్ నెమ్మదించినప్పుడు ఓటీటీ చెప్పకుండానే నాణ్యత తగ్గించుకుంటుంది. డిస్కుకు ఆ బాధ లేదు. అయితే నాలుగు గోడల మధ్య మాటలతో నడిచే కుటుంబ కథకు ఈ తేడా అంతగా కనబడదు. దానికోసం డిస్కు కొనమని నేను చెప్పను.

చీకటి సంగతి వేరు. మామూలు బ్లూరేలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 4కే డిస్కులో 1,024. మెట్లు తక్కువైతే సందెవేళ ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. దీనికి హెచ్‌డీఆర్ (చీకటికీ వెలుగుకీ మధ్య ఎడం పెంచే పద్ధతి) తోడవుతుంది. ‘రెవెనెంట్’లో అది కళ్లు జిగేలుమనిపించదు. తీసిందే మబ్బు వెలుతురులో కదా. నెగడు దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది. మంట మంటలా మండుతూనే, పక్కనున్న ముఖాలు చీకట్లో కలిసిపోకుండా ఉంటాయి.

ఇక శబ్దం. నన్నడిగితే అసలు నష్టమంతా ఇక్కడే. ఈ సినిమా డిస్కులో 7.1 ఆడియో ఉంది. ఏడు స్పీకర్లు, అదనంగా అదురుడు శబ్దాలకో సబ్‌వూఫర్. పైగా అది నష్టం లేని కుదింపు (విప్పితే అసలు శబ్దం యథాతథంగా వచ్చేది). ఓటీటీ శబ్దంలో కొంత తీసేస్తారు. కానీ ఆ తేడాను నా చెవి ప్రతిసారీ పట్టుకోలేదని ఒప్పుకోవాలి. పెద్ద చిక్కు మరోటుంది. సినిమాలో గుసగుసకీ అరుపుకీ ఎడం చాలా ఎక్కువ. థియేటర్లో మాటలు తెర వెనక మధ్య స్పీకర్ నుంచి విడిగా వస్తాయి. ఇంట్లో టీవీ ఆ ఏడింటినీ కలిపి, కిందికో వెనక్కో తిరిగి ఉన్న రెండు చిన్న స్పీకర్లలో పోస్తుంది. గాలి, వాగు, మాట, ఊపిరి ఒకదాని మీదొకటి పడతాయి. ఫ్యాను చప్పుడు ఆ పైన. అందుకే గుసగుస వినబడదు, అరుపు మాత్రం ఇల్లంతా లేపుతుంది. నైట్ మోడ్ పెడితే ఈ ఎడం తగ్గి మాట అందుతుంది. కానీ నిశ్శబ్దం కూడా పోతుంది. ఈ సినిమాలో భయమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. మాటల కోసం విడిగా మధ్య స్పీకర్ ఉన్న సౌండ్‌బార్ అయితే కొంత నయం.

పైసా ఖర్చు లేని మార్పు ఒకటుంది. చాలా టీవీల్లో కదలికను నున్నగా చేసే సదుపాయం కొన్నప్పటినుంచే ఆన్‌లో ఉంటుంది. అది రెండు బొమ్మల మధ్య లేని బొమ్మల్ని కల్పించి ఇరికిస్తుంది. దాంతో అడవిలో చావుబతుకుల పోరాటం డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్ దీన్ని ఆపేయమని ప్రేక్షకులను కోరుతూ ఓ వీడియో పెట్టాడు. మరుసటి ఏడాది టీవీల కోసం, ఈ సదుపాయాన్ని ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటించారు. మీ టీవీలో అది ఉంటే చాలు, పిక్చర్ సెట్టింగ్స్‌లో ఒక్క నొక్కు.

మన ఊళ్లలో సీడీ షాపులు సెల్‌ఫోన్ రిపేరు షాపులై చాలా ఏళ్లయింది. 4కే డిస్కు ఇక్కడ అరుదు, ప్లేయర్ ఖరీదు. కాబట్టి ముందు ఉన్నదాన్నే పరీక్షించుకోండి. సినిమా మొదట్లో నీట మునిగిన అడవి వస్తుంది. చెట్ల మొదళ్ల మధ్య నీళ్లు పారుతుంటాయి, తుపాకీలు పట్టుకుని వేటగాళ్లు నడుస్తుంటారు. అక్కడ ఫ్యాను తగ్గించి, ఆ నీళ్లనే చూడండి. అల అలలా కదులుతోందా, గళ్లుగళ్లుగా జారుతోందా? అడుగుల చప్పుడు, నీటి చప్పుడు విడివిడిగా వినబడుతున్నాయా? ఎలుగు రావడానికి ఇంకా చాలాసేపుంది. ఈలోగా సెట్టింగ్స్ మార్చుకోవచ్చు.