మెరుగు పెట్టిన పాట

పాట వినేవారిలో రెండు తెగలు ఉన్నవి. శ్రుతి వీసమైనా చెదరక, మాటకూ మాటకూ మధ్య ఊపిరి చప్పుడైనా వినబడక, వాద్యాలన్నీ పాలూ తేనే వలె కలిసిపోయిన పాటను కోరేవారు ఒక తెగ. గొంతు ఒకచోట జీరపోయినా, తాళం ఒకింత సాగినా, ఆ క్షణంలో పుట్టిన భావమే పాటకు ప్రాణమనేవారు రెండవ తెగ. పాడిన పాట పాడినచోటనే గాలిలో కలిసిపోయిన కాలంలో ఈ తగవుకు అంత పదును లేదు. గ్రామఫోను వచ్చి పాటను పళ్లెం మీద నిలిపిన తరువాత, నిలిచిపోయే పాట ఎట్లా ఉండవలెనన్న ప్రశ్న పుట్టినది. 1970 ప్రాంతాల రికార్డుల విషయంలో ఆ ప్రశ్న ముదిరినది. నేటికీ అది తీరలేదు.

నెల్లూరు సీమలో ఈ రెండు పద్ధతులూ ఒకే ఇంట రెండు తరాలుగా కనిపిస్తవి. శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి హరికథకులు. ఆయన కుమారుడు బాలసుబ్రహ్మణ్యం సినిమా నేపథ్య గాయకుడు. ఒకరిది రాత్రి తెల్లవార్లూ జనం ఎదుట నిలబడి చెప్పే కళ, మరొకరిది మూసిన గదిలో మైకు ఎదుట నిలబడి పాడే కళ.

హరికథకు పుస్తకం ఉండవచ్చును గాని స్థిరమైన రూపం లేదు. కాలికి గజ్జెలు, చేతిలో చిరతలు ధరించి దాసుగారు కథ ఎత్తుకున్న తరువాత, ఎదుటనున్న జనమే ఆ కథను నడిపిస్తారు. సభ కునికిపాట్లు పడితే ఒక పిట్టకథ అడ్డం వస్తుంది. సభ కరిగితే అదే చరణం నాలుగు సంగతులతో మళ్లీ వస్తుంది. నిన్నటి రుక్మిణీ కల్యాణం నేడు ఉండదు. పురమందిరంలో పౌరాణిక నాటకాలు చూచిన పాత తరానికీ ఇదే అలవాటు. పద్యం చివర రాగం ఎంతసేపు సాగితే అంత ఆనందం. ‘వన్స్ మోర్’ అన్న కేక పడితే చచ్చిన పాత్ర సైతం లేచి మళ్లీ పద్యం అందుకొనవలసిందే!

ఈ ధోరణికి మొదట కత్తెర వేసినవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. రాగాలాపనను కుదించి, పదాల విరుపును అర్థానికి లోబరచి, సినిమా పద్యానికి ఆయన కొత్త పోకడ కల్పించినారు. చివరి వరుసకు గొంతు చేర్చవలసిన అవసరం మైకు వల్ల తీరిపోయినది గనుక, మంద్రంలో పలికిన మాట కూడా శ్రోత చెవిన పడసాగినది. రంగస్థల పద్యానికి మరిగిన చెవికి ఇది కొరతగా తోచడం సహజమే. అయినా ఒక తరం గడిచేసరికి, కొరత అనిపించినదే కొలబద్ద అయినది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల అస్తమించినారు. అప్పటికి ఏడేండ్లకు పైగా పాడుతున్న బాలసుబ్రహ్మణ్యం వంతు వచ్చినది. 1946లో పుట్టిన ఆయన తొలి సినిమా పాట 1966 డిసెంబరులో ఎస్.పి. కోదండపాణి సంగీతంలో రికార్డయినది. ఆ చిత్రం ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ 1967లో విడుదల అయినది. ఆయన గాత్రంలో నునుపు ఎక్కువ. చిరునవ్వును, నిట్టూర్పును, గుసగుసను సైతం స్వరంలో ఇమిడ్చి మైకుకు అందించగల నేర్పు ఆయనది. అభిమానులు దానికే పరవశులైనారు. ఘంటసాల గొంతులోని గాంభీర్యానికి అలవాటు పడినవారు ఆ నునుపునే తప్పు పట్టినారు. ఆంధ్రదేశంలో ఇద్దరు శ్రోతలు కూడినచోట ఈ తగవు వినబడని రోజు లేదనవచ్చును.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన ‘శంకరాభరణం’ ఈ తగవును మరొక మెట్టు ఎక్కించినది. శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించని గాయకుడు, సంగీత విద్వాంసుని పాత్రకు గొంతు ఇచ్చినాడు. కె.వి. మహదేవన్ బాణీ కట్టగా, ఆయన సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుండి నేర్పగా, బాలసుబ్రహ్మణ్యం వాటిని సాధన చేసి పాడినారు. సంగీత దర్శకునికి, గాయకునికి, గాయని వాణీ జయరాంకు కూడా జాతీయ పురస్కారాలు లభించినవి. కచేరీలో గంటసేపు విస్తరించే రాగం నాలుగైదు నిమిషాలలో ఒదిగితే అది సంగీతమా, సంగీతపు చిత్రపటమా అని సంప్రదాయజ్ఞులు ప్రశ్నించడంలో తప్పు లేదు. ఆ చిత్రపటాన్ని చూచియే అసలు మూర్తిని వెదుకుతూ కచేరీల దారి పట్టినవారు ఎందరో కలరన్న సమాధానమూ కొట్టివేయదగినది కాదు.

ఇటువంటి తగవే ఆ దశాబ్దంలో సముద్రాలకు ఆవల కూడా నడిచినది. అమెరికాలోని నల్లజాతి ప్రజల జీవితం నుంచి పుట్టిన జాజ్ సంగీతం మన మనోధర్మ సంగీతానికి దూరపు చుట్టం వంటిది. ఒక వరుసను ఆధారం చేసికొని వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పన చేయడం దాని జీవలక్షణం. 1970 తరువాత క్రీడ్ టేలర్ అనే నిర్మాత తన సి.టి.ఐ. సంస్థ రికార్డులలో, ముందు వాద్యకారులు వాయించినదానికి వయొలిన్ల బృందాన్ని తరువాత చేర్చి, పట్టు వస్త్రం వంటి నునుపు తెచ్చినాడు. కొనేవారు మురిసిపోయినారు, విమర్శకులలో కొందరు, అడవి పులికి పంజరం కట్టినారని ముఖం చిట్లించినారు.

1977లో స్టీలీ డాన్ బృందం వెలువరించిన ‘ఏజా’ అనే రికార్డు ఈ మెరుగుకు పరాకాష్ఠ. పాప్ పాటకు జాజ్ వాద్యాన్ని జోడించిన ఆ రికార్డులో ఒక్క గిటారు ఘట్టానికి పలువురు వాద్యకారులచేత వాయింపజేసి, నచ్చక, చివరకు ఒకరిది ఉంచుకున్నారు. ధ్వని ముద్రణకు దానికి గ్రామీ పురస్కారం వచ్చినది. అయితే ఒక విచిత్రం ఉన్నది. ఆ రికార్డుకు పేరు ఇచ్చిన పాటలోనే, స్టీవ్ గ్యాడ్ డ్రమ్ములు ఉప్పెనవలె విజృంభించే ఘట్టం మాత్రం ఒకటి రెండు ప్రయత్నాలలోనే ముగిసినదని ప్రసిద్ధి. అంత చెక్కిన శిల్పంలోనూ శ్రోతలు ముందుగా తలచుకొనేది చెక్కకుండా వదలిన ఆ భాగాన్నే.

నెల్లూరు వారికి ఈ సంగతి కొత్త కానక్కరలేదు. పదమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి భారతాన్ని ఆశువుగా చెప్పుచుండగా కుమ్మరి గురునాథుడు వ్రాసినాడని లోకంలో ఒక కథ ఉన్నది. ఒకచోట మాట తోచక కవి లేఖకుని సంబోధించి పలికిన పలుకే, సంధి బలం వల్ల పద్యంలో అతికిపోయి కథకు సరిపోయినదట! కథ నిజమా కాదా అన్నది అట్లుంచి, దానిని కల్పించుకున్న జాతి మనస్సును గమనించవలెను. తెలుగువారికి తిక్కన శైలి కంటె మెరుగైన శైలి లేదు. అయినా ఆ మెరుగు గీకి గీకి తెచ్చినది కాదని, ఆ తడబాటు కూడా అందులో వన్నెగా నిలిచినదని చెప్పుకొనడం వారికి ఇష్టం.

కనుక మెరుగు కావలెనా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ మెరుగు ఎక్కడి నుంచి వచ్చినదని అడగవలెను. మద్రాసు స్టూడియోలలో 1970 ప్రాంతాల వరకూ గాయకుడూ వాద్యబృందమూ సాధారణంగా ఒకేసారి పాడి వాయించేవారు. చివరి చరణంలో ఒక వయొలిన్ అపస్వరం పలికినా మొదటి నుంచి మళ్లీ అందుకొనవలసినదే. నేడు మనం విని నునుపనుకునే ఆ పాట వెనుక నలుబది, ఏబది మంది ఒకే ఊపిరిగా నిలిచిన క్రమశిక్షణ ఉన్నది. తరువాత ఒక్కొక్కరూ విడివిడిగా పాడి అతికించే పద్ధతి ప్రబలినది. 1997లో ఆటో ట్యూన్ అనే సాధనం వచ్చిన పిమ్మట, తప్పిన శ్రుతిని యంత్రమే సరిదిద్దసాగినది. రెండింటి నునుపూ చెవికి ఒకటే. మొదటిది సానపట్టిన వజ్రం. రెండవది పూత పూసిన గాజు. వజ్రాన్ని కూడా గాజని తోసివేయడం పాతదనపు అభిమానుల పొరపాటు. గాజును వజ్రమని నమ్మడం కొత్త అభిమానుల పొరపాటు.

ఈ విచారణ చదువరులకు కాలక్షేపం మాత్రమే కాదు. పాఠశాలలలో, కళాశాలలలో పాటల పోటీ జరిగినప్పుడు, రికార్డులో ఉన్నది ఉన్నట్లు దించిన విద్యార్థికి బహుమతి దొరకుతున్నది. సొంతంగా ఒక సంగతి వేసిన విద్యార్థికి ‘తప్పు పాడినావు’ అన్న మాట దక్కుతున్నది. రికార్డు జ్ఞాపకానికి సాయపడవలసినది పోయి శాసనమై కూర్చున్నది. బాలసుబ్రహ్మణ్యం 1996 నుంచి ‘పాడుతా తీయగా’ కార్యక్రమంలో పిన్న గాయకులకు ఉచ్చారణ, భావం, శ్రుతి మూడింటినీ విడమరచి చెప్పినారు. మెరుగు నేర్పవలసిన క్రమం అదే: ముందు మాట, పిదప భావం, ఆ రెండింటికీ అద్దం పట్టే శ్రుతి.

2020 ఫిబ్రవరిలో ఆయన నెల్లూరులోని తమ ఇంటిని వేద పాఠశాల నిమిత్తం కంచి కామకోటి పీఠానికి అప్పగించినారు. ఆ సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసినారు. ఆ ఏడాదే నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టినారు. ఇక ముందు పుట్టే పిల్లలకు ఆయన రికార్డులలోనే దొరకుతాడు. అందుచేత ఉపాధ్యాయుల బాధ్యత పెరిగినది. ఒక పాటను రికార్డులో ఒకసారి, అదే పాటను ఏదైనా వేదిక మీద ఆయన పాడినప్పటి ముద్రణలో మరొకసారి వినిపించి, ఏది నిలిచినదో, ఏది మారినదో విద్యార్థులచేతనే చెప్పించవలెను. నిలిచినది తండ్రి తరం నాటి శిక్షణ వంటిదనీ, మారినది హరికథలోని పిట్టకథ వంటిదనీ వారు తామే గ్రహిస్తారు. మెరుగు పెట్టిన పాటను ప్రేమించవచ్చును. దాని వెనుక చెమట ఎవరిదో తెలిసి ప్రేమించితే, ఆ చెవికి గాజూ వజ్రమూ ఎన్నడూ ఒకటి కావు.